సాయంత్రం నాలుగున్నర ఆకలికి రోజూ ఏం తినొచ్చు? గ్రాముల లెక్కతో చెప్పగలరా

#1 నాలుగున్నర_ఆకలి
మధ్యాహ్న భోజనం ఒంటిగంటకి, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి. నడుమ ఏడున్నర గంటల ఎడం. నాలుగున్నరయ్యేసరికి చేయి బిస్కెట్ డబ్బా మీదకి పోతుంది. దాని బదులు రోజూ తిన్నా ఇబ్బంది లేనివి కావాలి. "పండ్లు, గింజలు తినండి" అని అందరూ అంటారు. ఎన్ని గ్రాములో, ఏది దేనితో కలపాలో మాత్రం ఎవరూ చెప్పరు. "మల్టీగ్రెయిన్", "నో యాడెడ్ షుగర్", "బేక్డ్" అని రాసున్న ప్యాకెట్లని ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెప్పండి. ఇంట్లో మూడేళ్ల పాప, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దాయన ఉన్నారు. అందరికీ ఒకే డబ్బా నడుస్తుందా?

#2 తూకంరాయి
ఒకే డబ్బా నడవదు. పాప సంగతి, పెద్దాయన సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను మీ డబ్బా వరకు చెప్తాను.

చిరుతిండి కావాలా వద్దా అన్నది భోజనాల మధ్య ఎడాన్ని బట్టి ఉంటుంది. మూడు, నాలుగు గంటలే అయితే మంచినీళ్లు తాగి ఊరుకోవచ్చు. ఏడున్నర గంటలంటే తినాల్సిందే, లేకపోతే రాత్రి కంచం దగ్గర చేయి ఆగదు. 150 నుంచి 200 కేలరీలు, అందులో 5 గ్రాముల ప్రోటీన్, 3 గ్రాముల పీచు తగ్గకుండా చూసుకోండి. ఈ రెండూ లేని తిండి త్వరగా మళ్లీ ఆకలి వేయిస్తుంది.

అంకెలు ఇవి, ఉజ్జాయింపుగా:
పల్లీలు 30 గ్రా. – 170 కేలరీలు, 7.5 గ్రా. ప్రోటీన్, 2.5 గ్రా. పీచు
బాదం 28 గ్రా., అంటే 23 గింజలు – 164 కేలరీలు, 6 గ్రా. ప్రోటీన్, 3.5 గ్రా. పీచు
ఉడికించిన శనగలు 100 గ్రా. – 164 కేలరీలు, 9 గ్రా. ప్రోటీన్, 7.5 గ్రా. పీచు
గుడ్డు ఒకటి – 75 కేలరీలు, 6 గ్రా. ప్రోటీన్, పీచు సున్నా
తీపి కలపని పెరుగు 150 గ్రా. – 90 కేలరీలు, 5 గ్రా. ప్రోటీన్, పీచు సున్నా
మధ్యరకం యాపిల్ ఒకటి – 95 కేలరీలు, ప్రోటీన్ లేనట్టే, 4.4 గ్రా. పీచు

బాదం, శనగలు తప్ప మిగతావి విడిగా చూస్తే ఏదో ఒకటి తక్కువే. అందుకే జంట కట్టాలి: కడుపు నిలబెట్టేది ఒకటి, నీరూ పీచూ ఉన్నది ఒకటి. యాపిల్ ఒకటి, దాంతో 20 గ్రా. పల్లీలు అనుకోండి. 208 కేలరీలు, దాదాపు 6 గ్రా. ప్రోటీన్, 6 గ్రా. పీచు. నమలడానికే పది నిమిషాలు పడుతుంది. గుడ్డుకి క్యారెట్, పెరుగుకి పండు ముక్కలు కూడా ఇలాగే.

"గుప్పెడు" అన్న కొలత మాత్రం వదిలేయండి. ఒకరి గుప్పెడు 25 గ్రాములు, ఇంకొకరిది 45. ఒకసారి వంటింటి కాటా మీద 30 గ్రాములు తూచి ఒక చిన్న గిన్నెలో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. ఇక రోజూ ఆ గిన్నే మీ కాటా. డబ్బా పక్కన పెట్టుకుని తింటే ఏ లెక్కా నిలవదు.

#3 ప్యాకెట్_వెనకవైపు
లేబుల్ సంగతి నేను చెప్తాను. ప్యాకెట్ ముందువైపు ప్రకటన, వెనకవైపు ఒప్పుకోలు. వెనక్కి తిప్పండి.

పదార్థాల జాబితాని బరువు తగ్గే వరసలో రాస్తారు. ఎక్కువున్నది ముందు. కాబట్టి మొదటి మూడు పేర్లే దాదాపు ఆ తిండి. ఇలాంటి లేబుల్ ఒకటి ఊహించుకోండి: ముందువైపు పెద్ద అక్షరాల్లో "మల్టీగ్రెయిన్", గోధుమ వెన్ను బొమ్మ. వెనక "మైదా 54%, చక్కెర, పామ్ నూనె, ఓట్స్ 4%, బార్లీ 2%, ఇన్వర్ట్ సిరప్, ఉప్పు…". మల్టీగ్రెయిన్ అంటే ఒకటికి మించి ధాన్యాలున్నాయని మాత్రమే. అవి ముడి ధాన్యాలని గానీ, ఎక్కువ ఉన్నాయని గానీ ఆ మాటకి అర్థం లేదు. ఇక్కడ రెండూ కలిపి 6 శాతం. ఇన్వర్ట్ సిరప్ కూడా చక్కెరే. డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, పండ్ల రసం కాన్సన్‌ట్రేట్, తేనె – ఇలా నాలుగు పేర్లుగా విడగొడితే ఒక్కొక్కటి జాబితాలో కిందికి జారుతుంది. వాటిని మనసులో కలుపుకుని చదవాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ చక్కెర గడిలోకి రాదు, కానీ ఒంట్లో గ్లూకోజ్‌గా మారడంలో చక్కెరకేం తీసిపోదు.

తర్వాత పట్టిక. "ఒక సర్వింగ్‌కి" అన్న గడిని వదిలేసి "100 గ్రాములకి" అన్న గడి చూడండి. సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లని వాళ్లే తేల్చేస్తారు, తినేది ఆరు. బ్రిటన్‌లో ప్యాకెట్ల ముందు వేసే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తుల హద్దులు ఎక్కడైనా కొలబద్దగా పనికొస్తాయి. 100 గ్రాముల్లో చక్కెర 22.5 గ్రా. దాటితే ఎరుపు, 5 లోపైతే ఆకుపచ్చ. శాచురేటెడ్ కొవ్వుకి ఈ హద్దులు 5, 1.5. ఉప్పుకి 1.5, 0.3. మొత్తం కొవ్వుకి 17.5, 3. లేబుల్ మీద ఉప్పు బదులు సోడియం రాసుంటే దాన్ని రెండున్నరతో గుణించండి. 600 మి.గ్రా. సోడియం అంటే 1.5 గ్రా. ఉప్పు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు.

ఒక మెలిక ఉంది. కొవ్వు గడిలో బాదం, పల్లీ ఎరుపులోనే పడతాయి, 100 గ్రాముల్లో దాదాపు 50 గ్రా. కొవ్వు కాబట్టి. అది చూసి భయపడకండి. గింజల కొవ్వులో ఎక్కువ భాగం అన్‌శాచురేటెడ్, అంటే గుండెకి మేలైన రకం. ఈ హద్దులు ప్యాకెట్ తిళ్లని ఒకదానితో ఒకటి పోల్చుకోడానికే.

#4 చిటికెడుఉప్పు
"హై ఫైబర్" అని ఉంటే?

#5 ప్యాకెట్_వెనకవైపు
కోడెక్స్ (ఆహార ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) పెట్టిన గీత ప్రకారం 100 గ్రాముల్లో 3 గ్రా. పీచుంటే "పీచు ఉంది" అనొచ్చు, 6 ఉంటే "హై ఫైబర్" అనొచ్చు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ 6 గ్రా. పీచుతో పాటు 25 గ్రా. చక్కెర కూడా ఉండొచ్చు, దాని గురించి ముందువైపు ఒక్క ముక్క ఉండదు. ఒక మంచి చూపించి మిగతాది దాచడం ప్యాకెట్లకి అలవాటు.

#6 ఖర్జూరంఫ్యాన్
మరి "నో యాడెడ్ షుగర్" ఖర్జూరం బార్లు? ఇంట్లో ఖర్జూరం, బాదం, ఓట్స్ కలిపి ఉండలు చేసుకుంటే పంచదార చుక్క కూడా ఉండదు కదా. ఎన్ని తిన్నా ఫర్వాలేదని విన్నాను.

#7 తూకంరాయి
ఎన్ని తిన్నా ఫర్వాలేనిది దోసకాయ ఒక్కటే. మీ ఉండల లెక్క వేద్దాం. గింజ తీసిన ఖర్జూరం 150 గ్రా. – 420 కేలరీలు. బాదం 100 గ్రా. – 580. ఓట్స్ 50 గ్రా. – 190. మొత్తం 1,190. పదిహేను ఉండలు చేస్తే ఒక్కోటి 80 కేలరీలు, 7 గ్రాముల చక్కెర. రెండు తింటే మంచి చిరుతిండి. పీచుంది, ప్రోటీనుంది. ఐదు తింటే 400 కేలరీలు, 35 గ్రా. చక్కెర. ఉండ చిన్నదిగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ఐదు తినడం ఏమంత కష్టం కాదు, చిక్కంతా అక్కడే. చేసేటప్పుడే 20 గ్రాములకి ఒకటి చొప్పున తూచి చుట్టండి, రెండేసి ఒక పొట్లంలో పెట్టండి.

ఇంకో చిట్కా: ఖర్జూరం ఎండిపోయి ఉంటే ఉండ చుట్టేటప్పుడు విరిగిపోతుంది. అప్పుడు తేనె పోస్తుంటారు, వద్దు. పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి పిండేసి వాడితే అంటుకుంటుంది.

#8 ప్యాకెట్_వెనకవైపు
పై దానికి కొనసాగింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో "ఫ్రీ షుగర్స్" రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలని చెప్పింది. 2,000 కేలరీలు తినేవాళ్లకి అది 50 గ్రా. ఇంకా తగ్గించి 5 శాతం, అంటే 25 గ్రా. లోపు ఉంచితే మరీ మంచిదంది. కలిపిన చక్కెరతో పాటు తేనె, సిరప్‌లు, పండ్ల రసం, రసం కాన్సన్‌ట్రేట్ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. పండు పండులాగే తింటే అందులోని తీపి రాదు. కాబట్టి "నో యాడెడ్ షుగర్" అని రాసి, చిక్కబరచిన యాపిల్ రసంతో తీపి పెట్టిన బార్‌కి మీరు పెట్టే మార్కులు తగ్గించండి.

#9 ద్రాక్షగుత్తి
ఎండుద్రాక్ష, ద్రాక్ష ఒకటేనంటారు. ఒకటే. కానీ 100 గ్రా. ద్రాక్ష 70 కేలరీలు, 100 గ్రా. ఎండుద్రాక్ష 300. పోయింది నీళ్లే, కానీ కడుపు నింపేవి ఆ నీళ్లే. ఎండుద్రాక్ష ఒక టేబుల్‌స్పూన్ మించకుండా పల్లీల్లో కలుపుకోవచ్చు, దాన్నే చిరుతిండి చేసుకోవద్దు.

#10 లెక్కతేలాలి
చిన్న అభ్యంతరం. #2లో బాదం 164 కేలరీలన్నారు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకి బాదం తినిపించి ఒంట పట్టిన శక్తిని కొలిస్తే 28 గ్రాములకి 129 కేలరీలే తేలింది. గింజ కణాల గోడలు పూర్తిగా పగలవు, కొంత కొవ్వు అలాగే బయటకి పోతుంది. వాళ్లు పోల్చిన పాత పట్టిక లెక్క దాదాపు 170, అంటే నిజానికంటే 32 శాతం ఎక్కువన్నమాట.

#11 తూకంరాయి
ఒప్పుకుంటున్నాను. అయితే ఆ లాభం గింజని గింజగా నమిలితేనే. అదే బాదాన్ని మెత్తగా రుబ్బి బటర్ చేస్తే కణాల గోడలు మిక్సీయే పగలగొట్టేస్తుంది, అప్పుడు కేలరీలు దాదాపు పట్టికలో ఉన్నన్నీ దక్కుతాయి. లేబుల్ మీద పాత లెక్కే ఉంటుంది కాబట్టి రోజువారీకి దాన్నే పట్టుకోండి. కొంచెం తక్కువ తిన్నట్టే అవుతుంది, నష్టమేం లేదు.

#12 ఓవెన్_పక్కన
వారానికి సరిపడా చేసిపెట్టుకునేదాని గురించి ఎవరూ చెప్పలేదు. కాల్చిన శనగలు. చాలామందికి ఇవి బయట కరకర, లోపల పిండిగా వస్తాయి, మర్నాటికి సాగుతాయి. కారణం ఒక్కటే, తడి.

250 గ్రా. తెల్ల శనగలు ఎనిమిది గంటలు నానబెట్టండి. వేళ్ల మధ్య నొక్కితే నలగాలి గానీ చితికిపోకూడదు, అంతవరకే ఉడికించండి. ఉడికాక దాదాపు 550 గ్రాములవుతాయి. చిల్లుల గిన్నెలో వడకట్టి, వేడిగా ఉన్నప్పుడే పొడిబట్ట మీద ఒక్క వరసగా పరచండి. సొంత వేడికే పైతడి ఆవిరైపోతుంది. అరగంట ఆగి ఇంకో పొడిబట్టతో అద్దండి. ఊడొచ్చిన పొట్టు తీసేయండి, లేకపోతే అది ముందు మాడి చేదు పుట్టిస్తుంది.

ఓవెన్ 200 డిగ్రీలకి వేడెక్కాక, నూనె వేయకుండానే ట్రే మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి 15 నిమిషాలు పెట్టండి. అప్పుడు బయటకి తీసి ఒక టేబుల్‌స్పూన్ నూనె కలిపి, మళ్లీ 20 నుంచి 25 నిమిషాలు. ఎనిమిది నిమిషాలకోసారి ట్రే కుదపాలి. నూనె ముందే వేస్తే పైన పొరలా కట్టి లోపలి తడిని బయటకి రానివ్వదు. మిరియాల పొడి, కారం లాంటివి దించాకే, వేడి మీద. ముందే వేస్తే మాడతాయి. ఉప్పు మొత్తానికి అర టీస్పూన్ చాలు.

అయిందా లేదా అని రంగు చూసి చెప్పలేం. ఒక గింజని బయట రెండు నిమిషాలు చల్లార్చి కొరకండి. మధ్యలో తేమగా మెత్తటి బొట్టు తగిలితే ఇంకో ఐదు నిమిషాలు. చివర్లో ఓవెన్ ఆపేసి, తలుపు కాస్త తెరిచి అందులోనే గంటసేపు వదిలేయండి. ఈ గంట మానేసినవాళ్లే మర్నాడు మెత్తబడ్డాయని అంటారు.

#13 చిటికెడుఉప్పు
అన్నీ ఇలాగే చేసినా గాలి చొరని డబ్బాలో పెడితే మెత్తబడుతున్నాయి.

#14 ఓవెన్_పక్కన
గోరువెచ్చగా ఉండగా మూత పెట్టి ఉంటారు. లోపలి ఆవిరి మూతకి పట్టి చుక్కలై మళ్లీ గింజల మీదే పడుతుంది. పూర్తిగా చల్లారాక, మొదటి రోజు కాగితం మూత, రెండో రోజు నుంచి గట్టి మూత. నాలుగు రోజుల్లో తినేయండి. వీటిలో ఎంతో కొంత తడి మిగులుతుంది, పల్లీల్లా నెల నిలవవు. మెత్తబడితే 180 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి.

ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడులో సన్న సెగ మీద 40 నిమిషాలు. చేయి నొప్పి పుడుతుంది, చెప్పలేదనకండి.

#15 పేలాలగిన్నె
పాప్‌కార్న్‌ని ఎందుకు వదిలేశారు? నూనె లేకుండా పేల్చినవి మూడు కప్పులకి 93 కేలరీలు, 3.5 గ్రా. పీచు. ముడి ధాన్యం కూడా. దాన్ని పాడుచేసేది వెన్న, ఉప్పు, కారమెల్.

గింజలో దాదాపు 14 శాతం తేమ ఉంటుంది. 180 డిగ్రీల దగ్గర ఆ తేమ ఆవిరై గట్టి పొట్టుని పగలగొడుతుంది. 40 గ్రా. గింజలకి రెండు టీస్పూన్ల నూనె. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనెతో మూడే గింజలు వేసి మూత పెట్టండి. మూడూ పేలితే నూనె సరిగ్గా కాగినట్టు. వాటిని తీసి మిగతావి వేసి, పొయ్యి మీంచి దించి 30 సెకన్లు పక్కన ఉంచండి. గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి. మళ్లీ పొయ్యి మీదికి. మూత కాస్త వారగా పెట్టండి, ఆవిరి పోకపోతే పేలాలు తోలులా సాగుతాయి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే దించేయాలి.

సగం గింజలు పేలకుండా అడుగున మిగిలితే గింజలు ఎండిపోయినట్టు. మూడు కప్పుల గింజలున్న సీసాలో ఒక టేబుల్‌స్పూన్ నీళ్లు పోసి బాగా కుదిపి, మూత బిగించి మూడు రోజులు ఉంచితే తేమ తిరిగి పట్టుకుంటుంది.

పాప్‌కార్న్‌లో ప్రోటీన్ తక్కువ. పక్కన గుడ్డో పెరుగో ఉండాలి.

#16 కేలరీ_కేలరీయే
ఇంత శ్రమ దేనికండీ? 200 కేలరీల బిస్కెట్లయినా 200 కేలరీల శనగలైనా ఒంటికి ఒకటే. కొలుచుకుని తింటే అయిపోయె.

#17 లెక్కతేలాలి
కొలిచి తింటే మీ మాటలో కొంత నిజముంది. కొలవకుండా తింటే ఏమవుతుందో 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం చూసింది. ఇరవై మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో బాగా మార్చి చేసిన ప్యాకెట్ రకాలు), రెండు వారాలు తక్కువ ప్రాసెస్ చేసిన తిండి పెట్టారు. వాళ్ల ముందు ఉంచిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండు వైపులా సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ వారాల్లో రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, త్వరత్వరగా కూడా తిన్నారు. బిస్కెట్ నోట్లో కరిగిపోతుంది, శనగని నమలాలి. "చాలు" అన్న కబురు కడుపు నుంచి వచ్చేలోపు ఎన్ని లోపలికి పోయాయన్నదే తేడా. మీకు ప్యాకెట్ సగంలో ఆపే నిగ్రహం ఉంటే వేరే సంగతి.

#18 కేలరీ_కేలరీయే
నిగ్రహం సంగతి ఎత్తకండి. మూడే గింజల పాప్‌కార్న్ పరీక్షతో మొదలుపెడతాను.

#19 చంటిపిల్లల_డెస్క్
#1కి: మూడేళ్ల పాపకి మీ డబ్బాలోవి చాలావరకు పనికిరావు. పోషకాల వల్ల కాదు, గొంతుకి అడ్డం పడతాయి కాబట్టి. నాలుగేళ్లు నిండేదాకా బాదం, పల్లీలు గింజలుగా వద్దు. పాప్‌కార్న్ వద్దు. ఇప్పుడే పైన చెప్పిన గట్టి శనగలు కూడా వద్దు. పచ్చి క్యారెట్ గుండ్రని ముక్కలు వద్దు. ద్రాక్ష చిన్నది, మెత్తనిది అనుకుంటారు గానీ సరిగ్గా గొంతు కొలతకి సరిపోయి బిరడాలా బిగుసుకుంటుంది. నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. అడ్డంగా కోస్తే రెండు చిన్న బిరడాలవుతాయి, అంతే.

పెట్టదగినవి: పల్లీ బటర్ బ్రెడ్ మీద పలచగా రాసి (చెంచాతో ముద్దగా ఇవ్వొద్దు), వేలితో నొక్కితే చితికేలా ఉడికించిన శనగలు చిదిపి, తురిమిన క్యారెట్, అరటిపండు, పెరుగు, చిన్న ముక్కలు చేసిన గుడ్డు. కూర్చుని తినాలి. పరిగెడుతూ, కారులో, నవ్విస్తూ తినిపించవద్దు. బడికి పంపేటప్పుడు పల్లీ, గింజల అలర్జీ నిబంధన ఉందేమో కనుక్కోండి. పక్క పిల్లకి ఉండొచ్చు.

#20 మాత్రలడబ్బా
పెద్దాయన సంగతి. ముందు ఆయన వేసుకునే మందేంటో చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే ఏడున్నర గంటల ఎడంలో పడిపోవచ్చు. చిరుతిండి వేళ, మోతాదు ఆయన్ని చూసే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి.

మామూలు రోజుల్లో మీ జంట సూత్రమే ఆయనకీ మంచిది. పండు ఒక్కటే కాకుండా పల్లీలతో కలిపి తింటే షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. పండ్ల రసం వద్దు, పీచు పోయి తీపి మిగులుతుంది.

అసలు జాగ్రత్త ఇంకోటి. చెమటలు, వణుకు, తికమక వచ్చి షుగర్ 70 కంటే కిందికి పోతే, పైన ఇంతసేపు పొగిడిన ఆరోగ్యకరమైన తిండి ఏదీ పనికిరాదు. బాదం, చాక్లెట్, పల్లీ ఉండలు అస్సలు పెట్టొద్దు. కొవ్వు ఉంటే చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. 15 గ్రాముల త్వరగా పట్టే చక్కెర కావాలి: అర కప్పు పండ్ల రసం గానీ, నీళ్లలో మూడు, నాలుగు టీస్పూన్ల పంచదార గానీ. పదిహేను నిమిషాలకి మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. తేరుకున్నాక అప్పుడు శనగలో బ్రెడ్డో. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి. ఆయన మందుల్లో అకార్‌బోస్ ఉంటే పంచదార సరిగా పనిచేయదు. దాన్ని విడగొట్టే ఎంజైమునే ఆ మందు ఆపుతుంది. గ్లూకోజ్ పొడి లేదా గ్లూకోజ్ బిళ్లలే ఉండాలి, జేబులో.

కిడ్నీ జబ్బు కూడా ఉంటే గింజలు, అరటిపండు, ఖర్జూరం ఇష్టమొచ్చినట్టు పెట్టకండి. పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క ఉంటుంది.

#21 పళ్లపక్షం
చిన్న మాట. ఏం తిన్నారన్నదానితో పాటు ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్లకి ముఖ్యం. తీపి లేదా పిండి తిన్న ప్రతిసారీ పంటి మీది పాచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి వెళ్తుంది, ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఉమ్మి దాన్ని సర్దడానికి అరగంటో ఇంకాస్తో పడుతుంది. పది ఎండుద్రాక్షలు ఒకేసారి తింటే ఒక దెబ్బ. ఇరవై నిమిషాలకొకటి చొప్పున నోట్లో వేసుకుంటే మూడు గంటలు దెబ్బ మీద దెబ్బ. ఖర్జూరం ఉండ పంటి సందుల్లో అంటుకుంటుంది, తిన్నాక నీళ్లు పుక్కిలించండి.

#22 గింజలగాదె
వారం మొత్తానికి కొని పెట్టుకునేవాళ్లకి నిల్వ సంగతి. గింజలకి గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. వాల్‌నట్ అన్నిటికంటే ముందు పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. పాత నూనె వాసన వచ్చినా, నాలిక చివర చేదు తగిలినా పారేయండి. వేయిస్తే ఆ వాసన కాసేపు కప్పుకుంటుందే గానీ నూనె బాగుపడదు.

పల్లీల్లో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరేయాలి. బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. డబ్బాలో చాలా గింజలకి బూజు కనబడితే ఏరుకుంటూ కూర్చోకండి, మొత్తం పారేయండి.

#23 ఓవెన్_పక్కన
"బేక్డ్" చిప్స్ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. వేయించినవాటికంటే నూనె తక్కువ, నిజమే. కానీ అదే పిండి, చాలాసార్లు అదే ఉప్పు. ఇంకోటి: పిండిపదార్థాన్ని 120 డిగ్రీలు దాటి పొడి వేడిలో పెడితే అక్రిలమైడ్ (క్యాన్సర్ తెప్పించవచ్చని అనుమానించే రసాయనం) పుడుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు తిండిలో దీన్ని బయటపెట్టారు. ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, నూనె మూకుడు అన్నిట్లోనూ పుడుతుంది. ఇంట్లో ఆలుగడ్డ ముక్కలు చేస్తే బంగారు రంగు దగ్గర ఆపండి. ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకండి.

#24 నాలుగున్నర_ఆకలి
అందరికీ ధన్యవాదాలు. చదివి ఇలా రాసుకున్నాను, తప్పులుంటే దిద్దండి. సోమ, గురు: యాపిల్, 20 గ్రా. పల్లీలు. మంగళ, శుక్ర: కాల్చిన శనగలు 40 గ్రా., దోసకాయ. బుధవారం: రెండు ఉడికిన గుడ్లు, క్యారెట్. శనివారం: పాప్‌కార్న్, పెరుగు. శనగలు ఆదివారం చేస్తాను. యాపిల్ పొద్దున్నే కోసి, గుడ్లు ఒలిచి, అన్నీ బ్యాగులో పెట్టుకుంటాను.

#25 ఓవెన్_పక్కన
శనగలు ఆదివారం చేస్తే శుక్రవారానికి ఐదో రోజు. రెండు వాటాలూ సోమ, మంగళవారాలకి జరపండి. యాపిల్ పల్లీలు గురు, శుక్రవారాలకి వెళ్తాయి.

యాపిల్ కోయకుండా తీసుకెళ్లడమే మేలు. కోయక తప్పదంటే కప్పు నీళ్లలో పావు టీస్పూన్ ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ముంచి, మామూలు నీళ్లతో కడిగి తుడవండి. నల్లబడటం బాగా తగ్గుతుంది.

#26 చంటిపిల్లల_డెస్క్
గుడ్లు ఒలిచి పెట్టొద్దు. పెంకుతోనే ఉంచితే ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. పొద్దున ఎనిమిదికి బ్యాగులో పెట్టి నాలుగున్నరకి తింటే ఎనిమిదిన్నర గంటలయింది. పెరుగుదీ అదే లెక్క. పనిచేసే చోట ఫ్రిజ్ ఉందా?

#27 నాలుగున్నర_ఆకలి
లేదండి.

#28 తూకంరాయి
అయితే బుధవారం కూడా పల్లీలే, 25 గ్రా., క్యారెట్‌తో. గుడ్లు, పెరుగు ఇంట్లో ఉండే రోజుకి. బ్యాగులోకి ఐస్ ప్యాక్ పెట్టే డబ్బా కొంటే అప్పుడు మళ్లీ చూద్దాం.